పెన్సిలిన్ మీద మోపిన నేరం రుజువైందా?

నమస్కారం. చిన్నతనంలో పెన్సిలిన్ కుటుంబానికి చెందిన అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ వాడుతుండగా ఒంటి మీద దద్దుర్లు లేచాయి కాబట్టి తమకు పెన్సిలిన్ జన్మలో పడదని నమ్మేవారు ఎందరో ఉన్నారు. ఆ మాటను ఎదురు ప్రశ్న వేయకుండా వైద్య పత్రాల్లో ఎక్కించేవారి మీద నాకు ఇంకా ఎక్కువ విసుగు.

దొంగతనం జరిగిన ఇంటి ముందు కనిపించాడన్న ఒక్క కారణంతో ఒక మనిషిని దొంగగా తేల్చేస్తే ఎంత అన్యాయమో, ఇదీ అంతే. పిల్లల్లో జ్వరం తెచ్చిన వైరసే చాలాసార్లు దద్దుర్లనూ తెస్తుంది. పట్టుబడేది మాత్రం ఆ సమయంలో వాడుతున్న మందు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకి ఉన్నప్పుడు అమోక్సిసిలిన్ వాడి ఒళ్లంతా ఎర్రటి మచ్చలు తేలినవారిలో చాలామందికి, తరువాతి కాలంలో అదే మందు ఏ ఇబ్బందీ కలిగించదు. వికారం, విరేచనాలు అయితే అసలు అలర్జీయే కావు, అవి దుష్ప్రభావాలు.

విచారణలో ముందు అడగవలసింది సమయం. ఐజీఈ అనే రకం ప్రతిరక్షకాల (శరీర రక్షణ వ్యవస్థ తయారుచేసే ప్రోటీన్ల) వల్ల కలిగే ప్రమాదకరమైన అలర్జీ సాధారణంగా మందు వేసుకున్న గంటలోపే దురద దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం, రక్తపోటు పడిపోవడం వంటి లక్షణాలతో బయటపడుతుంది. కొన్ని రోజుల తరువాత మెల్లగా వచ్చే మచ్చల వెనుక, అవి మందు వల్లనే వచ్చినా, ఎక్కువగా టి-కణాలు అనే రక్షణ కణాలు ఉంటాయి. నిజంగా నేరం చేసిన సందర్భంలో కూడా శిక్ష యావజ్జీవం కానక్కరలేదు: ఐజీఈ అలర్జీ ఉన్నవారిలో సుమారు 80 శాతం మందికి పదేళ్లలో అది తగ్గిపోతుంది. పెన్సిలిన్ పడదని నమోదైనవారిని పరీక్షిస్తే 90 శాతానికి పైగా మందికి అసలు ఆ అలర్జీ లేదనే తేలుతోంది. అంటే నేరస్థుడని ముద్ర వేసిన మందే నిర్దోషి.

సమయం తక్కువగా ఉంది కనుక పరీక్షల సంగతి త్వరగా చెబుతాను. అనుమానం బలంగా ఉంటే ముందు చర్మ పరీక్ష, అందులో ఏమీ కనబడకపోతే వైద్యుల కళ్లెదుట నోటి ద్వారా మోతాదు ఇస్తారు. ప్రమాదం తక్కువని తేలినవారికి నేరుగా మోతాదే ఇవ్వవచ్చు. చర్మం ఊడిపోయే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ వంటిది వచ్చినవారికి మాత్రం ఆ మందును మళ్లీ ఇచ్చి చూడకూడదు. ఇంటి పేరు కలిసిందని, పెన్సిలిన్‌కు బంధువులైన సెఫలోస్పోరిన్ యాంటీబయాటిక్‌లన్నిటినీ నిందించడమూ పొరపాటే, ఎందుకంటే అక్కడ పోలిక చూడవలసింది ప్రధానంగా పక్క గొలుసులో, అంటే మందు అణువుకు పక్కన అతికి ఉండే భాగంలో. ఇంట్లో సొంతంగా మందు వేసుకుని పరీక్షించుకోకండి. మందు పేరు, ఎంతసేపటికి ఏమి జరిగింది, ఏ చికిత్స అవసరమైంది అనేవి రాసుకుని వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి.