చెవిలేని ఓడ

(నేవీ డే సందర్భంగా విశాఖపట్నంలో ఇంజనీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకి, ఎదురుగా ఉన్న పిల్లలకి నమస్కారం. పేర్లన్నీ చదవను. ఒక్క పేరు వదిలేశానంటే ఆ పెద్దమనిషి భోజనాల దగ్గర నాతో మాట్లాడరు. ఇందాక పరిచయంలో నన్ను కమాండర్‌ని చేసేశారు. కాదండీ. నేను చీఫ్ ఈఆర్ఏగా రిటైరయ్యాను. ఈఆర్ఏ అంటే ఇంజన్ రూమ్ ఆర్టిఫిసర్. 22 ఏళ్ళ సర్వీసులో నేను సముద్రాన్ని చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. మేముండేది నీటిమట్టానికి కింద.

కరపత్రంలో నా అంశాన్ని ‘ఐచ్ఛిక మానవ సహిత నౌకలు’ అని వేశారు. చదివి మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది. మనుషులు ఎక్కితే వాళ్ళతో వెళ్తుంది, ఎక్కకపోతే తనే వెళ్తుంది. అంతే సంగతి.

ఎందుకొచ్చిందీ ఆలోచన? ఆర్కే బీచ్‌లో కురుసుర ఎక్కనివాళ్ళు ఈ హాల్లో ఉండరు. 91 మీటర్ల సబ్‌మెరైన్. ఈసారి వెళ్తే టార్పెడోల దగ్గర సెల్ఫీలు మానేసి, బంకులూ వంటగదీ మరుగుదొడ్డీ ఎంత చోటు తిన్నాయో చూడండి. తాగే నీళ్ళు, పీల్చే గాలి, బియ్యం, మందులు, ఇవన్నీ మనిషి కోసం మోసే బరువే. మనిషిని దింపేస్తే ఓడ చిన్నదవుతుంది, చవకవుతుంది. మునిగినా పోతే పోయిందిలే అనుకోవచ్చు. 2024 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ వాళ్ళ మగూరా పడవలు, అయిదున్నర మీటర్లవి, మన జాలర్ల ఫైబర్ బోటు కంటే చిన్నవి, నల్లసముద్రంలో రష్యా యుద్ధనౌకలు రెండింటిని ముంచేశాయి. నెల మొదట్లో ఒకటి, 14న ఇంకొకటి. కానీ అవి ఎక్కడో కూర్చుని మనిషి తోలిన పడవలు, ఒక్క రాత్రి పని చేస్తే చాలు. నా గొడవ నెలల తరబడి నీళ్ళమీద ఉండాల్సిన వాటి గురించి.

అమెరికాలో సీ హంటర్ అని 132 అడుగుల ఓడ ఉంది, 2016లో నీళ్ళలోకి దించారు. శాన్ డియాగో నుంచి హవాయికి వెళ్ళి తిరిగొచ్చింది. పత్రికలు ఆహా అన్నాయి. దారిలో వెంట వెళ్ళిన ఓడ నుంచి మనుషులు కాసేపు దానిమీదికి ఎక్కారన్నది మాత్రం చివరి పేరాలో వేశారు. ఎందుకెక్కారు? కరెంటు వ్యవస్థ, ఇంజన్లు చూసుకోడానికి! దారి చూపించడానికి కాదు బాబూ. దారి దానికి తెలుసు. 2021లో నోమాడ్ అనే ఇంకో ఓడ 4,421 నాటికల్ మైళ్ళు వెళ్ళింది, 98 శాతం తనంతట తనే. పనామా కాలువ దాటేటప్పుడు మాత్రం మనుషులు నడిపారు. కాబట్టి బుర్ర ఉందని ఒప్పుకుంటాను. నేనడిగేది చెవి గురించి.

ఒక సంగతి చెప్తాను. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, అయినా చెప్తాను.

మిడిల్ వాచ్. అంటే రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా డ్యూటీ. ఓడ పేరు వద్దు. జనరేటర్ నడుస్తోంది. ఆయిల్ ప్రెషర్ సరిగ్గా ఉంది, టెంపరేచర్ సరిగ్గా ఉంది, లాగ్ బుక్‌లో గంటగంటకీ నేనే రాశాను. శ్రీకాకుళం వైపు కుర్రాడు, స్టోకర్, అంటే ఇంజన్ గదిలో కింది మెట్టు పనివాడు, చేరి ఏడాది కాలేదు. వచ్చి నా చొక్కా లాగాడు. ఆ రొదలో మాట వినపడదు కదా. పొడుగు స్క్రూడ్రైవర్ చేతికిచ్చి, సముద్రపు నీటి పంపు వైపు చూపించాడు. మొన పంపుమీద పెట్టి, పిడి చెవికి ఆనించాను. తెరపి లేకుండా రావాల్సిన మోతలో ఎక్కడో చిన్న గరగర. అరిటాకు మీద ఇసుక రాల్చినట్టు. స్టాండ్‌బై జనరేటర్ మీదికి లోడు మార్చి, పంపు ఆపి విప్పాం. బేరింగ్ కేజ్, అంటే లోపలి గుండ్లని పట్టి ఉంచే చట్రం, రెండుచోట్ల విరిగింది. ఆ పంపు ఆగితే జనరేటర్‌కి చల్లటి నీళ్ళు అందవు. ఇంకెంతసేపు తట్టుకునేదో నాకు తెలీదు. లాగ్ బుక్‌లో మాత్రం అన్నీ సరిగ్గానే ఉన్నాయి, నా సంతకంతో సహా.

మా మనవడు అంటాడు, ‘తాతా, ఇప్పుడు ఆ గరగర సెన్సార్ నీకంటే ముందే వింటుంది’ అని. వింటుందిరా, ఒప్పుకున్నాను. విన్నాక స్పానర్ ఎవరు పట్టుకుంటారు?

మేఫ్లవర్ అని 15 మీటర్ల పరిశోధక పడవ, యుద్ధనౌక కాదు, 2021 జూన్‌లో ఇంగ్లండ్ నుంచి అట్లాంటిక్ దాటడానికి ఒంటరిగా బయల్దేరింది. జనరేటర్ పొగగొట్టం దగ్గర ఒక చిన్న లోహపు ముక్క తెగింది. తెగిందని ఒడ్డున ఉన్నవాళ్ళకి తెలుసు. మూడు రోజులకే వెనక్కి పిలిపించుకున్నారు. మరుసటేడు మళ్ళీ పంపితే, మళ్ళీ జనరేటర్ దగ్గరే తేడా. అజోర్స్ దీవుల్లో ఆగింది, కెనడాలో ఆగింది, 2022 జూన్ 30కి అమెరికా చేరింది. దారి తప్పి కాదమ్మా, ఆగినప్పుడల్లా మనిషి చెయ్యి కోసమే.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. పెద్ద మానవరహిత ఓడలు కొనేముందు వాటి ఇంజన్లు 720 గంటలు, అంటే 30 రోజులు, ఎవరూ ముట్టుకోకుండా నడిచి చూపించాలని అమెరికన్ కాంగ్రెస్ చట్టంలోనే పెట్టింది. అది చదివిన రోజు మా పాత వాచ్‌వాళ్ళందరికీ ఫోన్లు చేశాను. ఇంకో దారీ ఉంది. డిఫయంట్ అని 180 అడుగుల ఓడ కట్టారు, అందులో మనిషికి చోటే పెట్టలేదు. ఒక యంత్రం చెడినా మిగిలినవి లాక్కుపోయేలా కట్టారు. నాకు అదే నిజాయితీగా అనిపిస్తుంది. బంకులు తీసేసి, అవసరమైతే మనుషులు ఎక్కుతారులే అంటే, ఎక్కినవాడు ఎక్కడ పడుకోవాలి? ఏం తినాలి?

చట్టం గొడవ ఒకటుంది, త్వరగా చెప్పేస్తాను. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ఒప్పందంలో 29వ అధికరణం ప్రకారం యుద్ధనౌక అంటే అధికారి ఆధీనంలో, సైనిక క్రమశిక్షణలో ఉన్న సిబ్బందితో నడిచేది. సిబ్బందే లేకపోతే అదేమిటి? లాయర్లు తేల్చుకోనీండి.

మనవాళ్ళు ఊరుకోలేదు. 2024లో మాతంగి అనే స్వయంచాలిత పడవని ముంబై నుంచి తూత్తుకుడికి, 1,500 కిలోమీటర్లు పంపారు. మన ఊళ్ళోనే ఎన్ఎస్‌టీఎల్‌లో, అంటే డీఆర్‌డీఓ వాళ్ళ నౌకాదళ పరిశోధనశాలలో, సముద్రంలో పెట్టిన మందుపాతరలు (మైన్లు) వెతకడానికి మనిషి మోసుకెళ్ళగలిగే చిన్న జలాంతర వాహనాలు తయారుచేశారు. రేపు వాటిలో పనిచేసేది మీరే. అందుకని అడుగుతున్నాను, ఈ హాల్లో పంపు స్వయంగా విప్పినవాళ్ళు చేతులెత్తండి. యూట్యూబ్‌లో చూసింది లెక్కలోకి రాదు.

…నలుగురు. వెనక ఆ అమ్మాయితో అయిదుగురు. ఏ పంపమ్మా? ఇంటి బోరుదా? చాలు, అదీ పంపే.

చీటీ వచ్చింది, ముగించమని. ఒక్క నిమిషం. ఆ రాత్రి తీసిన బేరింగ్‌ని తుక్కులోంచి అడిగి తెచ్చుకున్నాను, ఇదిగో. మొదటి వరస నుంచి పంపండి. పక్కనే కొత్తది కూడా ఉంది, రెండూ చెవి దగ్గర పెట్టుకుని తిప్పండి. మైకు కట్టేయండి, ఫ్యాన్లు కూడా ఒక్క నిమిషం ఆపించండి. తేడా వినపడనివాళ్ళు ఇంకోసారి తిప్పండి, సిగ్గుపడకండి. పాతది మాత్రం నాకు తిరిగి రావాలి.