సంఘం రాజ్యంతో మాట్లాడేటప్పుడు

సహోదరీ సహోదరులారా,

దేశ వ్యవహారాల మీద క్రైస్తవ సంఘాలు చేసే తీర్మానాలు చాలావరకు 'శాంతి వర్ధిల్లాలి, న్యాయం నిలవాలి' అన్న మాటలతోనే ముగుస్తాయి. అలాంటి కాగితాన్ని ఏ పాలకుడూ పట్టించుకోడు. దేన్ని కాదంటున్నారో అందులో ఉండదు మరి.

1934 మే 29 నుంచి 31 వరకు, హిట్లర్ పాలనలో ఉన్న జర్మనీలోని బార్మెన్‌లో లూథరన్, రిఫార్మ్‌డ్, ఐక్య ప్రొటెస్టెంట్ సంఘాల ప్రతినిధులు కూడి ఆరు అంశాల ప్రకటన చేశారు. ముసాయిదాలో ప్రధాన హస్తం దైవశాస్త్రవేత్త కార్ల్ బార్త్‌ది. ప్రతి అంశానికీ మూడు మెట్లు: ముందు బైబిలు వాక్యం, తర్వాత మన ఒప్పుకోలు, చివర మనం తోసిపుచ్చే తప్పుడు బోధ. అయిదో అంశమే చూడండి. "దేవునికి భయపడుడి, రాజును సన్మానించుడి" అన్న పేతురు మాటతో మొదలవుతుంది. న్యాయాన్ని, శాంతిని కాపాడే పని రాజ్యానికి దేవుడే అప్పగించాడని ఒప్పుకుంటుంది. ఆ వెంటనే, రాజ్యం తన హద్దు దాటి మనిషి బతుకంతటినీ శాసించడాన్ని తోసిపుచ్చుతుంది. సంఘం రాజ్యానికి అంగంగా మారడాన్నీ అంతే గట్టిగా తోసిపుచ్చుతుంది. ఈ మూడో మెట్టు లేని తీర్మానాన్ని ఎవరికి కావలసినట్టు వారు వాడుకుంటారు.

అయినా బార్మెన్‌లో పెద్ద లోటుంది. అంతకు ముందు 1933 సెప్టెంబరులోనే, జర్మనీలోని ప్రష్యా ప్రాంత సంఘ మహాసభ యూదు మూలాలున్నవారిని సంఘ పదవులకు అనర్హులను చేసింది. ఆరు అంశాల్లో యూదుల ఊసే లేదు. సంఘం తన స్వాతంత్ర్యం కోసం నిలబడింది గానీ, పక్కనే నలుగుతున్నవారి పేరు ఎత్తలేదు. ఇది తన తప్పేనని బార్త్ 1967లో ఒప్పుకున్నాడు.

దక్షిణాఫ్రికాలో జరిగింది ఇంకా బాధాకరం. 1857లో అక్కడి డచ్ రిఫార్మ్‌డ్ సంఘ సభ, తెల్లవారిలో 'కొందరి బలహీనత' దృష్ట్యా, తెల్లవారు కాని విశ్వాసులకు వేరుగా ఆరాధన జరపవచ్చంది. మినహాయింపుగా ఇచ్చింది అలవాటైంది. 1881కి వేరే సంఘమే ఏర్పడింది. ఆ వేరుచేసిన సంఘమే 1982లో బెల్హార్ విశ్వాస ప్రకటన రాసి, 1986లో ఆమోదించింది. మనుషులను జాతిని బట్టి విడదీయడాన్ని సమర్థించే బోధను అది తోసిపుచ్చింది. దేవుడు పేదల, అన్యాయానికి గురైనవారి పక్షాన ఉంటాడని తేటగా చెప్పింది.

కాబట్టి ఇలాంటి తీర్మానం ముసాయిదాకు కూర్చున్నప్పుడు పాలకుల సంగతి తర్వాత చూడండి. మనం తోసిపుచ్చే అన్యాయం మన సంఘ నియమావళిలో, పదవుల్లో, ప్రభువు బల్ల దగ్గర ఎక్కడుందో ముందు రాయండి. దెబ్బ తిన్నవారిని రాసేటప్పుడే కూర్చోబెట్టుకోండి, సంతకాలప్పుడు కాదు.