కంపాలా వెళ్లేముందు అమ్మానాన్నలకు ఎల్లో ఫీవర్ టీకా | నారాయణగూడ వ్లాగ్

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఇవాళ్టి వ్లాగ్ కంపాలా నుంచి కాదు, హైదరాబాద్ నుంచి. అమ్మానాన్నలను మొదటిసారి ఉగాండా తీసుకెళ్తున్నాను. వీసా ఎలా, టికెట్లు ఎక్కడ అని చాలామంది అడుగుతుంటారు కానీ, వాటికంటే ముందు చూసుకోవాల్సింది, దోమకాటుతో వచ్చే ఎల్లో ఫీవర్ జబ్బుకు వేసే టీకా. ఉగాండాలో దిగేవాళ్ల దగ్గర ఆ టీకా వేయించుకున్నట్టు రాసిచ్చే పసుపు కార్డు ఉండాల్సిందే.

ఈ టీకా ఏ క్లినిక్‌లో పడితే అక్కడ వేయరండీ. కేంద్ర ఆరోగ్యశాఖ గుర్తించిన సెంటర్లలో వేయించుకుంటేనే కార్డు చెల్లుతుంది. మేం నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు వచ్చాం. మీరు వెళ్లేముందు ఏయే రోజుల్లో వేస్తున్నారో తప్పకుండా కనుక్కోండి. సీసాలో మందు ఒకసారి కలిపాక కొద్ది గంటల్లోనే వాడేయాలి, మిగిలితే పారబోయాలి. అందుకే కొంతమందిని కలిపి ఒకేసారి పిలుస్తారు. ఒరిజినల్ పాస్‌పోర్ట్ మర్చిపోకండి. కార్డు మీద ఆ నంబరే రాస్తారు.

క్యూలో కూర్చున్నప్పుడు నాన్న అన్న మాట మీకు చెప్పాలి. "మన ఊళ్లో కుట్టని దోమలా బిడ్డా? వాటి కోసం ఇంత దూరమొచ్చి సూది వేయించుకోవాలా?" అన్నారు. నేను చెప్పింది ఒక్కటే: "మన ఊళ్లోనూ అదే దోమ ఉంది నాన్నా, భయమంతా అందుకే."

నిజం అండీ. ఎల్లో ఫీవర్‌ను మోసే ఏడిస్ ఈజిప్టై దోమ, మనకు డెంగీ తెచ్చే దోమ ఒకటే. మన కూలర్లలో, పూలకుండీల కింద ప్లేట్లలో, పాత టైర్లలో పెరిగేది అదే. దోమ ఉంది, టీకా వేయించుకోని కోట్లమంది ఉన్నారు, కానీ ఆ వైరస్ మాత్రం మన దేశంలో లేదు. జ్వరంతో ఒక్కరు దిగి, ఇక్కడి దోమ వాళ్లను కుడితే ఏమవుతుందో ఊహించండి. అందుకే ఇండియా ఈ విషయంలో అంత గట్టిగా ఉంటుంది. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి బయల్దేరి 6 రోజుల్లోపు ఇక్కడ దిగితే కార్డు చూపించాలి. లేకపోతే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచొచ్చు. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నవాళ్లకూ ఇదే రూలు.

ఈ జబ్బుకు ప్రత్యేకమైన మందు లేదు. చాలామందికి జ్వరం, ఒళ్లునొప్పులతో పోతుంది. కొద్దిమందికి మాత్రం తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది, లివర్, కిడ్నీలు దెబ్బతింటాయి, కళ్లు పచ్చబడతాయి, రక్తస్రావం అవుతుంది. ఆ దశకు వెళ్లినవాళ్లలో దాదాపు సగం మంది బతకరు. అలాంటి జబ్బుకు ఒక్క డోసుతో జీవితాంతం రక్షణ దొరుకుతోందంటే నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది. 1927లో ఘానాలో అసీబీ అనే జ్వరపీడితుడి రక్తం నుంచి తీసిన వైరస్‌ను బలహీనపరిచి, 1930లలో మ్యాక్స్ థైలర్ అనే శాస్త్రవేత్త బృందం ఈ టీకాను తయారుచేసింది. 1951లో ఆయనకు నోబెల్ వచ్చింది. కంపాలా నుంచి విమానాశ్రయం ఉన్న ఎంటెబె వెళ్లే దారిలో జికా అడవి ఉంటుంది. ఎల్లో ఫీవర్ మీద పరిశోధన చేస్తూ అక్కడ బోనులో ఉంచిన ఒక కోతిలోనే 1947లో జికా వైరస్ మొదటిసారి బయటపడింది. అటు వెళ్లినప్పుడు నాన్నకు తప్పకుండా చూపిస్తాను.

లోపల డాక్టర్‌గారు అమ్మతో, నాన్నతో విడివిడిగా మాట్లాడారు. నాన్నకు 60 దాటాయి కాబట్టి ఆయన గురించి ఎక్కువసేపు అడిగారు. మొదటిసారి వేయించుకునే పెద్దవాళ్లలో తీవ్రమైన రియాక్షన్లు అరుదే అయినా, చిన్నవాళ్లలో కంటే ఎక్కువ. ఇది బతికున్న, బలహీనపరిచిన వైరస్‌తో చేసిన టీకా. స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో వాడుతున్నా, కీమో జరుగుతున్నా, ఇమ్యూనిటీని తగ్గించే మందులు వేసుకుంటున్నా దాచకుండా చెప్పాలి. కోడిగుడ్లలో పెంచి తయారుచేస్తారు కాబట్టి గుడ్డు పడనివాళ్లూ చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 9 నెలలు నిండని పిల్లల విషయం డాక్టరే తేల్చాలి. అమ్మకు బీపీ, షుగర్ ఉన్నాయని నాకు టెన్షన్‌గా ఉండేది. అవి అదుపులో ఉంటే అడ్డు కాదన్నారు. సూది వేశాక కాసేపు అక్కడే కూర్చోబెట్టారు. రాత్రి అమ్మకు కొంచెం ఒళ్లునొప్పులు వచ్చాయి, అంతే.

ఇప్పుడు కాస్త కోపంగానే ఒక మాట చెప్తాను. "సూది అక్కర్లేదు, కార్డు మేం ఇప్పిస్తాం" అనే ఏజెంట్లు ఉన్నారు. నాకు తెలిసిన ఒక కుర్రాడు అలాగే డబ్బు కట్టి కార్డు తెచ్చుకున్నాడు. దయచేసి ఆ పని చేయకండి. కాగితం దోమను ఆపదు. అతనికి అక్కడ ఏమైనా అయితే చూసుకునేవాళ్లు ఎవరు? వైరస్‌తో తిరిగొస్తే ముందు ప్రమాదం అతని ఇంట్లోవాళ్లకే కదా? ఆరోగ్యం బాగోలేక నిజంగా టీకా పడనివాళ్లకు డాక్టర్ మినహాయింపు లెటర్ ఇస్తారు. కానీ ఆ లెటర్‌తో రక్షణ రాదు, వాళ్లు ప్రయాణం గురించే మళ్లీ ఆలోచించుకోవాలి.

సూది పడిన 10 రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. అందుకే మా టికెట్లు ఆ లెక్క చూసుకునే బుక్ చేశాను. పాత కార్డు ఉన్నవాళ్లు పదేళ్లు దాటిపోయాయని కంగారు పడకండి. 2016 జులై 11 నుంచి ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది, అంతకుముందు ఇచ్చిన కార్డులకూ అంతే. అమెరికా, యూకే నుంచి కెన్యా సఫారీ చూసుకుని అటు నుంచి అటే ఇండియా వచ్చే మనవాళ్లూ ఈ పది రోజుల సంగతి చూసుకోండి.

ఇంకోటి, ఈ టీకా మలేరియాను ఆపదు. ఏడిస్ ఎక్కువగా పగలు కుడుతుంది, మలేరియా దోమ రాత్రి కుడుతుంది. అమ్మానాన్నలకు మలేరియా మాత్రలు విడిగా రాయించాను, అక్కడ మంచానికి దోమతెర కట్టే ఉంటుంది. కార్డులు మాత్రం సూట్‌కేసులో పెట్టలేదు, పాస్‌పోర్టులతో పాటు అమ్మ హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి. మీరూ అలాగే పెట్టుకోండి. వచ్చే వీడియో ఎంటెబె నుంచి.