పూలకన్నా ముందు చిగురు: నగరంలో వసంతాన్ని ఫోటో తీయడం

అందరికీ నమస్కారం.

వసంతం రాగానే మన ఫోన్లలోకి పూల ఫోటోలు వరదలా వచ్చి పడతాయి. చాలావరకు అందంగానే ఉంటాయి. కానీ వరుసగా ఓ పది చూశాక ఏది ఎవరు తీశారో, ఎక్కడ తీశారో చెప్పడం కష్టం. ఫ్రేము నిండా పువ్వు, వెనకంతా మసక. ఆ పువ్వు బాల్కనీ కుండీలో పూసినా, కొండ మీద పూసినా ఒకేలా కనబడుతుంది. నా ఫిర్యాదు అదే. నగరాన్ని పూర్తిగా చెరిపేస్తే చేతిలో మిగిలేది పువ్వు బొమ్మ. అలాగని హోర్డింగులు, కరెంటు తీగలు, ఆపి ఉంచిన బండ్లు అన్నీ రానిస్తే ఆ చోట మనకు కలిగిన ప్రశాంతత ఫోటోలోకి రాదు. నగరాన్ని ఫ్రేములోకి ఎంత రానివ్వాలి, ఎక్కడ ఆపాలి? ఈ రోజు నా మాటలన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

దీనికి నాకు తెలిసిన మంచి జవాబు దాదాపు వందేళ్ల నాటిది. యూజీన్ అట్జే పారిస్ నగరాన్ని ముప్పై ఏళ్లపాటు ఫోటోలు తీసినాయన. 1925 మార్చి నుంచి జూన్ దాకా ఆయన నగరం పొలిమేరల్లోని సో అనే పార్కుకు వెళ్తూ వచ్చారు. అప్పటికి ఆయనకు 68 ఏళ్లు. బరువైన చెక్క కెమెరా, 18 x 24 సెంటీమీటర్ల గాజు పలకలు వెంట ఉండేవి. ఆ పార్కు అప్పట్లో ఆలనాపాలనా లేక చెట్లూ పొదలూ ఇష్టం వచ్చినట్టు పెరిగిపోయి ఉంది. ఆయన తీసింది నీటి మడుగులు, మెట్లు, విగ్రహాలు, ఇంకా ఆకు తొడగని కొమ్మలు. కొన్ని ఫోటోల పేర్లలో నెల, వేళ కూడా రాసుకున్నారు: మార్చి, ఉదయం 8 గంటలు, ఏప్రిల్, ఉదయం 7 గంటలు. నన్ను పట్టేసింది ఆ వేళ రాసుకోవడమే. అదే విగ్రహం, అదే మడుగు మధ్యాహ్నం కూడా అక్కడే ఉంటాయి కదా! ఆయనకు కావలసింది ఆ గంట. పార్కు అందుకు ఆసరా మాత్రమే.

పొద్దున్నే వెళ్లమని అందరూ చెబుతారు, నేనూ చెబుతాను. అయితే నగరంలో ఆ సలహాకు ఒక చిక్కుంది. యాప్‌లో చూపించే సూర్యోదయ సమయం అడ్డేమీ లేని చోటికి లెక్క. మీరు కూర్చున్న బెంచీ మీదికి ఎండ రావాలంటే సూర్యుడు ఎదురుగా ఉన్న భవనాన్ని దాటాలి. అప్పటికి నీరెండ కాస్తా పదునెక్కిపోతుంది. కాబట్టి నగరంలో మనం వెతకాల్సింది సందుల్ని. రెండు భవనాల మధ్య ఖాళీ, తూర్పుకు తెరుచుకున్న వీధి, రైలు పట్టాలవైపు గోడ లేని చోటు. వీటిలోంచి లేత ఎండ ఒక పట్టీలాగా లోపలికి వస్తుంది. ఆ పట్టీ నిలకడగా ఉండదు. ఆకాశంలో సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు, అంటే రెండు నిమిషాలకోసారి తన వెడల్పంత జరుగుతాడు. ఒక పొద మీద పడిన వెలుగు మీరు లెన్స్ మార్చుకునేలోపు పక్క గోడ మీదికి వెళ్లిపోవచ్చు.

ఇంకో సంగతి వసంతానికి ప్రత్యేకం. మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల చుట్టూ సూర్యుడు ఉదయించే చోటు సంవత్సరంలోకెల్లా వేగంగా జరుగుతుంది. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో కూడా రోజుకు దాదాపు 0.4 డిగ్రీ, దానికి దూరం వెళ్లేకొద్దీ ఇంకొంచెం ఎక్కువ. పది రోజుల్లో నాలుగు డిగ్రీలంటే, ఇరుకు సందులో ఎండ పడటానికీ పడకపోవడానికీ ఉన్నంత తేడా. ఈ ఆదివారం ఒక మూలలో మంచి వెలుగు చూసి, తీరిగ్గా రెండు వారాల తర్వాత వస్తే అది ఉండకపోవచ్చు. కాబట్టి చూసిన రోజే తీయండి. లేదా మర్నాడు రండి.

అద్దాల భవనాలను మనం తిట్టుకుంటాం. ఫోటోకి మాత్రం అవి అప్పుడప్పుడు మేలు చేస్తాయి. పొద్దంతా నీడలో ఉండే తోట మీదికి ఎదురుగా ఉన్న అద్దాల గోడ నుంచి వెలుగు తిరిగి వచ్చి, ఒకే కొమ్మ మీద, ఊహించని వైపు నుంచి పడుతుంది. అడవిలో ఇది జరగదు. ఇలాంటివి వచ్చినప్పుడు నగరాన్ని ఫ్రేములోకి రానివ్వండి, ఎందుకంటే ఆ వెలుగు దానిదే.

ఇక చిగురు దగ్గరికి వస్తాను. ఈ ప్రసంగానికి ఒప్పుకున్నదే దీనికోసం.

పువ్వు ఎటునుంచి చూసినా ఫోటోకి సిద్ధంగానే ఉంటుంది. చిగురు అలా కాదు, దాన్ని చూడటం నేర్చుకోవాలి. లేతాకు పల్చగా ఉంటుంది కాబట్టి వెలుగు దానిలోంచి దూసుకువస్తుంది. రావి, మామిడి చెట్లలో కొత్త ఆకు రాగి రంగులో, కొన్నిసార్లు దాదాపు ఎరుపులో వస్తుంది. ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు దానికి కారణం. ఇంకా గట్టిపడని ఆకును తీవ్రమైన వెలుతురు నుంచి అవి కాపాడతాయని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. ఆకు ముదిరేకొద్దీ ఆ ఎరుపు పోయి ఆకుపచ్చ పైకి వస్తుంది. ఒక కొమ్మ మీద ఆ దశ ఎన్నో రోజులు ఉండదు, అందుకే పూలకన్నా ముందు దీన్ని పట్టుకోమంటాను.

చిగురును ఎండ వైపు వీపు పెట్టి తీస్తే చప్పగా వస్తుంది. ఎదురెండలో, అంటే సూర్యుడు ఆకు వెనక ఉండేలా నిలబడితే ఈనెలన్నీ గీసినట్టు కనబడతాయి. అయితే వెనక ఆకాశం వచ్చిందంటే తెల్లగా పేలిపోతుంది, లేదా ఆకు నల్లబడుతుంది. ఇక్కడ నగరం మళ్లీ పనికొస్తుంది. నీడలో ఉన్న గోడ, భవనం వెనక వైపు, ఫ్లైఓవర్ కింది చీకటి - చిగురుకు ఇంతకన్నా మంచి బ్యాక్‌గ్రౌండ్ దొరకదు. రెండడుగులు పక్కకు జరిగి, ఆకు వెనకకు ఆ చీకటి వచ్చేలా చూసుకోండి. అప్పుడు కెమెరా తడబడుతుంది. కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు ఫ్రేమంతటినీ చూసి, చీకటి ఎక్కువగా ఉందనుకుని వెలుతురు పెంచుతుంది. ఆకు తెల్లబోతుంది. ఫోన్లో అయితే వెలుగుతున్న ఆకు మీద వేలితో తాకి, స్క్రీన్ మీది సూర్యుడి గుర్తును కిందికి లాగండి. కెమెరాలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను, అంటే ఫోటో వెలుతురును మనం పెంచి తగ్గించే సెట్టింగును, ఒక స్టాప్ (వెలుతురు సగమయ్యేంత) తగ్గించి మొదలుపెట్టండి, చూసి సరిచేసుకోండి.

దీనికి తిరగబడిన సందర్భం తెల్లపూల చెట్టు. ఫ్రేమంతా తెలుపే ఉంటే మీటరు దాన్ని మధ్యరకం బూడిద రంగుకు లాగుతుంది కాబట్టి అక్కడ పెంచాలి. అదే ఒకే ఒక్క తెల్లపువ్వు ముదురు ఆకుల మధ్య ఉంటే తగ్గించాలి. ఎర్రపూలతో ఇబ్బంది వేరు. మొత్తం వెలుతురు సరిగానే ఉన్నట్టు కనిపించినా ఎరుపు ఛానల్, అంటే ఫోటోలోని ఎరుపు భాగం, ఒక్కటే నిండిపోయి రేకుల మీది గీతలు మాయమవుతాయి. ఫోటోలో వెలుగు ఎక్కడ ఎంతుందో చూపించే గ్రాఫ్, హిస్టోగ్రామ్‌లో మూడు రంగులూ విడివిడిగా చూసే అలవాటు చేసుకోండి.

ఆకుపచ్చ గురించి ఒక మాట. మామూలు కెమెరా సెన్సర్‌లో ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి కేటాయించి ఉంటాయి, ఎందుకంటే మన కన్ను ఎక్కువ వివరం పట్టుకునేది ఆ రంగులోనే. అన్ని రకాల పచ్చదనాన్ని నింపుకునే ఏర్పాటు ఉన్నా, ఫోన్లు చివరికి దాన్నంతా ఒకే చిలకపచ్చగా మార్చేస్తాయి. వసంతంలో ఒకే పార్కులో పసుపు కలిసిన పచ్చ, బూడిద కలిసిన పచ్చ, ముదురు పచ్చ పక్కపక్కనే ఉంటాయి. ఆ తేడా పోతే వసంతం పోయినట్టే. ఎడిటింగులో రంగు పెంచే స్లైడర్ జోలికి వెళ్లకండి. వీలైతే ఆకుపచ్చను కాస్త తగ్గించండి. వాన పడ్డాక తడి ఆకుల మీద తెల్లటి మెరుపు అసలు రంగును కప్పేస్తే ఆ మెరుపును తగ్గించే పొలరైజర్ అనే ఫిల్టర్‌ను లెన్స్ ముందు పెట్టి తిప్పి చూడండి. ఎడిటింగులోని ఏ ఫిల్టరూ దాని పని పూర్తిగా చేయజాలదు.

గాలి సంగతి చెప్పనేలేదు కదా. కొమ్మ ఊగుతుంటే ట్రైపాడ్ ఏం సాయం చేయదు, షట్టర్ వేగం పెంచడమే మార్గం. 1/500 సెకను నుంచి మొదలుపెట్టండి. తెల్లవారుజామున గాలి సాధారణంగా తక్కువ.

నగరం ఊరి బయటకన్నా వెచ్చగా ఉంటుందని మీకు తెలుసు. కాంక్రీటు, తారు పగలంతా వేడిని పట్టుకుని రాత్రి వదులుతాయి. అందువల్ల చలి దేశాల్లో ఒకే జాతి చెట్టు నగరం నడిబొడ్డున ముందు పూస్తుంది, పొలిమేరల్లో కొన్ని రోజులు ఆగి పూస్తుంది. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూలు ఎప్పుడు విరగబూశాయో చెప్పే రికార్డులు 1200 ఏళ్లకు పైగా ఉన్నాయి. 2021లో అది మార్చి 26న జరిగింది. అంతకుముందు అన్ని శతాబ్దాల్లో అంత తొందరగా జరిగినట్టు రాసిలేదు. భూమి వేడెక్కడం, నగరం వేడెక్కడం రెండూ కలిసి అలా చేశాయి. ఇది సంతోషించే విషయం కాదు. ఫోటోలు తీసేవాళ్లు మాత్రం గుర్తుంచుకోవాలి: పోయిన ఏడాది తేదీని నమ్ముకోకండి. నడిబొడ్డున ఒక చెట్టును చేజార్చుకుంటే అదే జాతి చెట్టు కోసం నగరం అంచుకు వెళ్లి చూడండి.

ప్రశాంతంగా ఉండే చోట్లంటే పెద్ద పార్కులే గుర్తొస్తాయి. వాటికన్నా నాకు శ్మశానవాటికలు, గ్రంథాలయాల వెనక ఖాళీ స్థలాలు, కాలువ గట్లు, కాలేజీల ప్రహరీ వెంబడి నడిచే దారులు ఇష్టం. అక్కడ ఎవరూ చెట్లకు లైట్లు చుట్టరు. శ్మశానాల్లో మాత్రం అంత్యక్రియలు జరుగుతుంటే కెమెరా బయటికి తీయకండి, చెప్పక్కర్లేదనుకుంటాను.

అసలు బయటికి వెళ్లడమే కుదరకపోతే? ప్రాగ్ నగరంలో జోసెఫ్ సుడెక్ 1940 నుంచి 1954 దాకా తన స్టూడియో కిటికీలోంచి కనిపించేదాన్ని తీశారు. చిన్న తోట, ఒక వంకర చెట్టు, ఆవిరి పట్టిన గాజు. మొదటి సంవత్సరాల్లో నగరం నాజీల ఆక్రమణలో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చేయి పోగొట్టుకున్న మనిషి, పెద్ద కెమెరాలతో ఆ పని చేశారు. అదే చెట్టు మంచులో, వానలో, చిగురులో కనబడుతుంది. మన అపార్ట్‌మెంటు కిటికీకి అవతల ఒక్క చెట్టు ఉన్నా చాలు.

ఫ్రేములో ప్రశాంతత రావాలంటే చెట్టును చూడటం ఆపి నాలుగు అంచులను చూడాలి. గోల ఎప్పుడూ అంచుల్లోంచే దూరుతుంది: సగం తెగిన బోర్డు, ఒక తీగ, తెల్ల కారు బంపరు. ఫోన్లో మామూలు లెన్స్ చాలా వెడల్పు కాబట్టి ఇవన్నీ లాక్కొస్తుంది. వెనక్కి జరిగి 2x లేదా 3x లెన్స్ వాడండి. కెమెరాలో 85 మిల్లీమీటర్ల లెన్స్ హాయిగా సరిపోతుంది. తర్వాత యాప్‌తో తీగలు చెరిపేయొచ్చు కదా అని అడుగుతారు. చెరిపేయొచ్చు. నేను చేయను. చెరపగలమని తెలిశాక నిలబడే చోటు వెతకడం మానేస్తాం, ఆ వెతుకులాటలోనే మంచి ఫోటోలు దొరుకుతాయి. దూరంగా బెంచీ మీద ఒక మనిషి, చెట్టు కొలత తెలిసేంత చిన్నగా ఉంటే మాత్రం ఉండనివ్వండి. ముఖం గుర్తుపట్టేంత దగ్గరైతే అడిగి తీయండి.

వసంతం పక్షులకు గూళ్ల కాలం. గూడు దగ్గరికి వెళ్లడం, అడ్డంగా ఉందని కొమ్మ వంచడం, ఫోన్లో కూత వినిపించి పిలవడం - ఇవేవీ వద్దు. బెదిరిన పక్షి గూడు వదిలేయవచ్చు. మీరు తొలగించిన ఆకులు పిల్లల్ని కాకి కంటికీ ఎండకూ వదిలేస్తాయి. పూల మీద స్ప్రే బాటిల్‌తో నీళ్లు చల్లి మంచు బిందువులని చెప్పడం మాత్రం నేరం కాదు, నాకు నచ్చదంతే.

నా మాటలు ఇక్కడితో ఆపుతాను, ఎందుకంటే మీ ఫోటోలు చూడాల్సినవి చాలా ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లో ఒక్కొక్కరు ఐదుకు మించకుండా ఇవ్వండి. వాట్సాప్‌లో వచ్చిన కాపీలు వద్దు, ఒరిజినల్ ఫైల్సే కావాలి. కుదించిన ఫోటోలో చిగురు ఈనెలు కనబడవు. ఏ రోజు, ఎన్ని గంటలకు తీశారో కూడా చెప్పండి.