లిఫ్ట్ లేకుండా ఇంటి దగ్గరే కారు సైలెన్సర్ మార్చడం

నమస్కారం. సైలెన్సర్ అనగానే వెనక ఉండే డబ్బా ఒక్కటే గుర్తొస్తుంది. ఈ వీడియోలో మార్చబోయేది కటాలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా) వెనక నుంచి బంపర్ కింద కనిపించే మూతి దాకా ఉన్న పైపు మొత్తం. కన్వర్టర్ జోలికి పోము. అది తీసేస్తే పొగ పరీక్షలో బండి తప్పుతుంది, డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు కూడా వెలుగుతుంది.

ముందు బండిని ఎత్తే సంగతి. జాకీ బండిని ఎత్తడానికి మాత్రమే, మోసేది స్టాండ్లు. జాకీ లోపల సీలు కారితే బండి ఏ హెచ్చరికా లేకుండా దిగిపోతుంది. ఇటుకలు, బోలు సిమెంటు దిమ్మెలు అసలు వద్దు, అవి ఒక్కసారిగా పగులుతాయి. నేల గట్టిగా, సమంగా ఉండాలి. ఎండకు మెత్తబడిన తారు మీదయితే స్టాండు కాళ్లు దిగబడతాయి, కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వేయండి. మట్టి నేల మీద ఈ పని పెట్టుకోకండి.

బండి వెనక భాగం ఎత్తుతున్నారు కాబట్టి ముందు చక్రాలకి రెండు వైపులా అడ్డుకట్టలు పెట్టండి. హ్యాండ్ బ్రేక్ చాలా బండ్లలో వెనక చక్రాలనే పట్టుకుంటుంది. అవి గాల్లో ఉన్నప్పుడు ఆ బ్రేక్ ఉన్నా లేనట్టే. స్టాండ్లు మాన్యువల్‌లో చూపించిన జాకింగ్ పాయింట్ల కిందే పెట్టాలి. పెట్టాక, కిందకి దూరే ముందే బండిని పక్కల నుంచి గట్టిగా కుదిపి చూడండి. కదలాల్సి ఉంటే మీరు బయట ఉన్నప్పుడే కదలనివ్వండి. వెల్లకిలా పడుకుని స్పానర్ తిప్పడానికి నేలకీ బండికీ మధ్య 40 సెంటీమీటర్లు ఉంటే సరిపోతుంది. కళ్లద్దాలు తప్పనిసరి, ఎందుకంటే తుప్పు పొడి సరిగ్గా మొహం మీదే రాలుతుంది.

ఇక పాత బోల్టులు. రోజంతా పట్టే పని ఏదైనా ఉందంటే ఇదే. తుప్పు వదిలించే పెనెట్రేటింగ్ ఆయిల్ ముందు రోజు రాత్రే కొట్టండి. పని మొదలుపెట్టే గంట ముందు ఇంకోసారి కొట్టండి. పైపు పూర్తిగా చల్లారి ఉండాలి, కన్వర్టర్ దగ్గర వేడి గంటల తరబడి ఉంటుంది. సాకెట్ ఆరు మూలలదే వాడండి. పన్నెండు మూలలది తుప్పు తిని సన్నబడ్డ నట్టు మీద జారి, మూలల్ని గుండ్రంగా అరగదీస్తుంది. విప్పే ముందు నట్టుని ఒక్క పిసరు బిగించే వైపు తిప్పండి, తుప్పు పట్టు అక్కడ విరుగుతుంది. తర్వాత పావు చుట్టు వదులు, మళ్లీ కొంచెం బిగింపు, మళ్లీ ఆయిల్. ఇలా ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ రండి. ఒకే బలంతో లాగితే బోల్టు మెడ దగ్గర తెగుతుంది.

తెగినా ఫరవాలేదు. మిగిలిన మొండెం మధ్యలో సన్న డ్రిల్‌తో మొదలుపెట్టి, క్రమంగా పెంచుకుంటూ పోయి, ఆ రంధ్రంలోంచి కొత్త బోల్టు వేసి వెనక నట్టు బిగిస్తే సరి. గ్యాస్ టార్చ్‌తో వేడి చేయడం బాగా పనిచేస్తుంది గానీ, పెట్రోలు ట్యాంకు, ఇంధన గొట్టాలు, బ్రేకు గొట్టాలు దగ్గరున్న చోట ఆ ఆలోచనే వద్దు.

పైపుని బండి కింద వేలాడదీసే హ్యాంగర్ రబ్బర్లు ఊడదీయడానికి సబ్బు నీళ్లు గానీ సిలికోన్ స్ప్రే గానీ చాలు. ఇంజిన్ ఆయిల్, గ్రీజు రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తాయి. లాగే ముందు సైలెన్సర్ డబ్బా కింద రెండో జాకీ, దాని మీద చెక్క ముక్క పెట్టండి. చివరి రబ్బరు ఊడిన క్షణంలో ఆ బరువంతా కిందకి వస్తుంది, కింద ఉండేది మీ మొహమే. పైపు వెనక యాక్సిల్ మీదుగా వంపు తిరిగి ఉంటే ఒకే ముక్కగా బయటికి రాదు. పాతది ఎలాగూ పారేసేదే అయితే రంపంతో కోసి రెండు ముక్కలుగా తీయండి. మెలికలు తిప్పుతూ గంట కూర్చోవడం కంటే అదే మేలు.

కొత్త పైపుని పాతదాని పక్కన నేల మీద పరిచి, హ్యాంగర్ కడ్డీలు ఒకే చోట ఉన్నాయా, ఒకే వైపు తిరిగి ఉన్నాయా చూడండి. తేడా ఉంటే ఇప్పుడే తెలియాలి. జాయింటు మధ్యలో లీకు కాకుండా పెట్టే గ్యాస్కెట్ ఎప్పుడూ కొత్తదే వేయండి. పాతది ఒకసారి నలిగి అచ్చు పడిపోయింది, రెండోసారి సీలు పట్టదు. గ్యాస్కెట్ ఉన్న జాయింటుకి సీలెంట్ అక్కర్లేదు. మామూలు సిలికోన్ ఆ వేడికి మాడిపోతుంది, ఆక్సిజన్ సెన్సర్‌కి (పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచేది) ముందున్న జాయింట్లో పడితే సెన్సర్‌ని కూడా పాడుచేస్తుంది.

ముందు నుంచి వెనక్కి ఒక్కో ముక్కా వేలాడదీయండి. క్లాంపులు (పైపు జాయింటు చుట్టూ బిగించే పట్టులు), బోల్టులు అన్నీ చేతి బిగింపు వరకే. ఒక పైపులోకి ఇంకోటి దూరే చోట, బయటి పైపు అంచున ఉన్న చీలికని దాటి లోపలి పైపు వెళ్లాలి, లేకపోతే ఆ చీలికలోంచే పొగ లీకవుతుంది. క్లాంపు ఎంచుకునే వీలుంటే వెడల్పు పట్టీలా ఉండే బ్యాండ్ క్లాంపు తీసుకోండి. యూ బోల్టు పైపుని నొక్కి గాడి పడేస్తుంది, తర్వాత ఆ జాయింటు విప్పాలంటే కోయాల్సిందే.

లిఫ్ట్ లేని చోట చాలామంది పొరపాటు చేసేది ఇక్కడ. బండి బాడీ స్టాండ్ల మీద ఉంటే వెనక చక్రాలు, యాక్సిల్ కిందకి వేలాడుతుంటాయి. పైపుకీ యాక్సిల్‌కీ మధ్య బోలెడంత ఖాళీ కనిపిస్తుంది. అంతా బిగించేసి బండి దించగానే యాక్సిల్ పైకి లేస్తుంది, గతుకు మీద ఇంకా పైకి వచ్చి పైపుని తడుతుంది. అందుకే చివరి బిగింపుకి ముందు మీరు బయటికి రండి. చక్రానికి దగ్గరగా, సస్పెన్షన్ కింద గట్టి చోట జాకీ పెట్టి, బాడీ స్టాండు మీద నుంచి లేవబోతోంది అనిపించేదాకా మాత్రమే ఎత్తి ఆపండి. స్టాండు వదలకూడదు. రోడ్డు మీద ఉండే ఎత్తు దాదాపు అదే. ఇప్పుడు ఖాళీ చూడండి. వెనక చక్రాలు ర్యాంపు మీద ఎక్కించి పనిచేసేవాళ్లకి ఈ బాధ లేదు, సస్పెన్షన్ మీద బరువు మొదటి నుంచీ ఉంటుంది.

బాడీ, ట్యాంకు, బ్రేకు గొట్టాలకి కనీసం 20 నుంచి 25 మిల్లీమీటర్ల దూరం ఉంచండి. వేడికి పైపు సాగుతుందని కూడా లెక్కలోకి తీసుకోండి. రెండున్నర మీటర్ల పైపు 300 డిగ్రీలు వేడెక్కితే ఉక్కు రకాన్ని బట్టి 9 నుంచి 13 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. ముందు వైపు బిగించి ఉంది కాబట్టి ఆ సాగుడంతా వెనక్కే వస్తుంది. హ్యాంగర్ రబ్బర్లు చల్లగా ఉన్నప్పుడే వెనక్కి లాగినట్టు ఉంటే తప్పు. మూతి బంపర్ ప్లాస్టిక్‌కి ఆనుకుని ఉంటే కరుగుతుంది. విప్పిన హీట్ షీల్డులన్నీ (పైపు వేడి బండికి తగలకుండా అడ్డుపెట్టే రేకులు) తిరిగి పెట్టండి, అవి అలంకారానికి పెట్టినవి కావు.

బిగింపు ముందు నుంచి వెనక్కి, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్ (ఎంత బలంతో బిగించాలో చెప్పే కొలత) ప్రకారం. స్ప్రింగు బోల్టులు ఉన్న గుండ్రటి జాయింటు అయితే బోల్టు మెట్టు ఆనేదాకా బిగించి ఆపండి. అక్కడ స్ప్రింగు కొద్దిగా ఆడాలి. స్టెయిన్‌లెస్ పైపు అయితే స్టార్ట్ చేసే ముందు గుడ్డతో శుభ్రంగా తుడవండి, వేలిముద్రలు వేడికి మరకలుగా కాలి ఉండిపోతాయి.

స్టార్ట్ చేయడం ఆరుబయటే. మూసిన షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. పైపు ఇంకా చల్లగా ఉండగానే జాయింట్లకి సబ్బు నీళ్లు కొట్టి, ఇంకొకరిని మందపాటి గుడ్డతో మూతిని కొన్ని క్షణాలు సగం మూయమనండి. బుడగలు వచ్చిన చోట లీకు ఉంది. మొదటి పది, పదిహేను నిమిషాలు పైపు మీద మిగిలిన నూనె కాలి సన్నటి పొగ రావడం మామూలే. 100, 150 కిలోమీటర్లు తిరిగాక పైపు చల్లారనిచ్చి క్లాంపులన్నీ ఇంకోసారి బిగించండి. అప్పుడే జాయింట్ల చుట్టూ నల్లటి మసి చార కనిపిస్తోందేమో చూడండి. కనిపిస్తే ఆ క్లాంపు వదులు చేసి, పైపు సరిగ్గా కూర్చోబెట్టి మళ్లీ బిగించాలి.