నెగెటివ్‌ల బొట్టు

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసల కూసున్న అమ్మలకు, వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. పిల్లలూ, కుర్చీలు ఖాళీ ఉన్నయి, వచ్చి కూసోండి. శాలువా కప్పిండ్రు, సంతోషం. పరిచయం చేసినాయన నన్ను ఛాయాచిత్ర కళాకారుడు అన్నడు. అంత లేదు. నా జిందగీల ఒక్క ఫోటో తీసింది లేదు. సుల్తాన్‌బజార్ల ఒక స్టూడియో వెనక గదిల 1968 నుంచి 2005 దాక రీటచింగ్, అంటే ఫోటోలల్ల మచ్చలు, గీతలు దిద్దే పని చేసిన, అంతే. ఫోటో తీసే బాబూ, జర పైనుంచి తియ్యి. కిందినుంచి తీస్తే మెడ ముడతలన్నీ పడతయి. అవి చెరపనీకె నా అసొంటోడు ఇప్పుడు దొరకడు.

నాకిచ్చిన విషయం మొదటి సాలార్‌జంగ్ చిత్తరువులు. ఐదు పేజీలు రాసుకొచ్చిన. మనవరాలు టైపు చేసిచ్చింది. చదువుత.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్, 1829ల పుట్టిండు. 1853ల, ఇరవై నాలుగేండ్లకే, నిజాం రాజ్యానికి దివాన్ అయిండు. 1883ల కలరా వచ్చి పోయేదాక, ముప్పై ఏండ్లు, ఆ కుర్చీ దిగలే. అప్పులల్ల మునిగిన ఖజానాకు లెక్కాపత్రం నేర్పింది ఆయనే. 1876ల ఇంగ్లండ్ పోతుంటే పారిస్‌ల జారిపడి తొడ ఎముక విరిగింది. కూసున్న మనిషి చిత్తరువుల ఆ దెబ్బ ఏడ కనబడతది? ఆ ప్రయాణంలనే రోమ్‌ల బెంజోని చెక్కిన ముసుగు రెబెక్కాను కొన్నడు. సాలార్‌జంగ్ మ్యూజియంకు పొయ్యేటోళ్ళు గంటలు కొట్టే గడియారం చూసినంక నేరుగ ఆమె దగ్గరికే ఉరుకుతరు. రాతిని బట్ట లెక్క పల్చగ చెక్కిండని అందరు మెచ్చుకుంటరు. నేను మాత్రం నిలబడ్డప్పుడల్ల ఆ బట్ట కింద మొహాన్నే వెతుకుత. రీటచర్ కండ్లు గవి, ఏం చేస్త.

ఇంకా నాలుగు పేజీలున్నయి గని, ఈ తొవ్వల పోతే నేను చెప్పాల్నని వచ్చింది మిగిలిపోతది. మనవరాలు కోపం చెయ్యొద్దు.

నెగెటివ్ అంటే ఈ పిల్లలకు తెల్వదు. అండ్ల నలుపు తెలుపైతది, తెలుపు నలుపైతది. మొహం మీద నల్ల మచ్చ ఉంటే నెగెటివ్‌ల ఆ జాగ ఖాళీగ, అద్దం లెక్క తేటగ ఉంటది. మాకు ఏటవాలు బల్ల ఉండేది. బల్ల నడుమ ఒక సందు, కింద ఒక అద్దం. అద్దం మీద పడ్డ వెలుగు నెగెటివ్ గుండ పైకొస్తది. పెన్సిల్ పట్టాలె గదా, అందుకు మీడియం అని ఒక వార్నీష్ పూసేది. సూది మొన లెక్క చెక్కిన పెన్సిల్‌తోని ఆ ఖాళీల సన్న చుక్కలు, కామాలు పెట్టుకుంట పోతే కాయితం మీద మచ్చ మాయమైతది. నల్లగ కావాల్నంటే బ్లేడు మొనతోని గీకాలె. అంటే, తీసెయ్యాల్నంటే నింపాలె, పెట్టాల్నంటే గీకాలె. నేను నెగెటివ్‌ను తలకిందులు పెట్టుకొని చేసేటోణ్ణి. మొహం మొహం లెక్క కనబడితే చెయ్యి వణుకుతది.

బొట్టు గూడ నెగెటివ్‌ల ఖాళీయే. మా దగ్గరికి ఎక్కువ వచ్చే పనేందో ఎరుకేనా? తండ్రి పోయిన నెలకో రెండు నెలలకో కొడుకులు వచ్చేటోళ్ళు. అమ్మ ఫోటోల బొట్టు తీసెయ్యాలె, గోడ మీద బాగుంటలేదు, చుట్టాలు అడుగుతున్నరు. నెగెటివ్ బీరువాల ఉండేది, తీసి నింపి కొత్త ప్రింటు ఇచ్చేది. అట్ల ఎన్ని నింపిన్నో లెక్కలేదు. ఆ అమ్మను ఒక్కరన్న అడిగిండ్రా? నేను గూడ అడగలే. మీరు అట్ల చూడకుండ్రి, నాకు కూలి పడేది.

సరే, దీన్‌దయాల్ ముచ్చట. ఆయన పేరెత్తకుండ హైద్రాబాద్‌ల చిత్తరువుల గురించి మాట్లాడితే పాపం తగుల్తది. 1844ల మీరట్ దగ్గర సర్ధనల పుట్టిండు, రూర్కీల ఇంజనీరింగు చదివి ఇండోర్ల సర్కారు నౌకరి చేసిండు, అట్లట్ల మన తానికి వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు దర్బారు ఫోటోగ్రాఫర్ అయిండు. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చిండు. ఉస్తాదులకే ఉస్తాద్ అని షేర్ గూడ చెప్పిండంటరు. ఆయన స్టూడియోవి 2,857 గాజు నెగెటివ్‌లు 1989ల ఢిల్లీల ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం తీసుకున్నది. గాజు! మేము ఫిల్ము మీద గీకితేనే చినుగుతదేమోనని గుండె దడదడలాడేది.

1892ల ఆయన హైద్రాబాద్‌ల జనానా స్టూడియో పెట్టిండు. ఘోషాల ఉండే బేగంలకు, దొరసానులకు. చుట్టూ ఎత్తు గోడలు, లోపల అందరు ఆడోళ్ళే. నడిపింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు దొరసాని. నేను ఎప్పుడూ అనుకునేది ఒకటే. ఆ ఫోటోలు లోపలనే తీసిండ్రు, ఇంటికి పోతే లోపలి గదుల గోడలకే ఎక్కినయి. మరి రీటచింగ్ ఎవరు చేసిండ్రు? ఆ మొహాల మీద పెన్సిల్ పెట్టిన చెయ్యి ఎవరిది? ఎవరన్న పరిశోధన చేసే పిల్లలుంటే ఇది పట్టుకోండి. సాలార్‌జంగ్ మీద మస్తు మంది రాసిండ్రు.

ట్యాంక్‌బండ్ మీద రామదాసు విగ్రహం ఉంది, తానాషా విగ్రహం గూడ ఉంది. తానాషాను గోల్కొండ చిత్రకారులు ఆయన బతికున్నప్పుడే గీసిండ్రు. ఆ కాలం గోల్కొండ పటాలు డచ్చోళ్ళు కొనుక్కపోతే ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంల ఉన్నయి. రామదాసు ఎట్లుండేటోడో ఎవరికి ఎరుక? చెరల వేసినాయన మొహం దొరికింది, చెరల పడ్డాయన మొహం మనం కల్పించుకున్నం. నన్నయ, తిక్కన, పోతన, మొల్ల, వేమన, అందరు అంతే. నేను తప్పు పడ్తలేను. కల్పించుకునేది తప్పయితే అందరికన్న పెద్ద తప్పు నాది. వస్తున్న, వస్తున్న.

మా స్టూడియోకు కూతవేటు దూరంల కోఠి రెసిడెన్సీ. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు మీదున్న మహిళా విశ్వవిద్యాలయం. అండ్ల ఉన్న కుంపిణీ తరఫు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ దొర, ఖైరున్నీసా బేగంను పెండ్లి చేసుకున్నడు. ఇద్దరు పిల్లలు, సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం. 1805ల పిల్లలను ఇంగ్లండ్ పంపించిండ్రు. ఓడ ఎక్కేముందు మద్రాసుల జార్జి చినరీ అనే చిత్రకారుడు వాళ్ళను మన హైద్రాబాదీ బట్టలల్లనే గీసిండు. పిల్లగానికి నాలుగేండ్లు, పిల్లకు మూడేండ్లు. అదే ఏడు తండ్రి కలకత్తాల సచ్చిపోయిండు. పటం తల్లి దగ్గరికి వచ్చింది. పిల్లలు మళ్ళ రాలే. 1813ల ఆమె గూడ పోయింది. తరువాత పటాన్ని రస్సెల్ అనే దొర ఇంగ్లండ్ కొంచవోయిండు. ఆ పిల్ల, అప్పటికి కిట్టీ అని పేరు, పెద్దగైనంక రస్సెల్ వాళ్ళింటికి పోతే గోడకు తనే కనబడ్డది. చూసి ఏడ్చింది. ఆ పటంల ఆ పిల్ల ఉన్నది, తమ్ముడో అన్నో, అన్న, అన్న ఉన్నడు. తల్లి లేదు. తల్లి ఇంట్ల గోడ మీద ఇన్నేండ్లు వేలాడిన పటం అది, ఆమె చూసిన పటం. కిట్టీ దేనికి ఏడ్చిందో నాకు తెలుసనిపిస్తది.

నీళ్ళిస్తరా అమ్మా.

మా అమ్మ 1959ల పోయింది. నాకు ఎనిమిదేండ్లు. భువనగిరి దగ్గర మా ఊరు, అప్పుడు ఫోటో అంటే దొరల గడీలల్లనే. అమ్మది ఒక్క ఫోటో లేదు. 1975ల అన్న పట్నంల ఇల్లు కట్టుకున్నడు. గృహప్రవేశం నాడు నాయిన గోడలన్నీ చూసి, "అందరి ఇండ్లల్ల పెద్దల ఫోటోలుంటయిరా, మీ అమ్మది లేకపాయె" అన్నడు. నా మొహం చూసిండు. ఫోటోల పని చేస్తడు గదా వీడు, అని.

మా చిన్నమ్మ, అమ్మ చెల్లె, పదిహేడేండ్లకే భర్త పోయినామె. అచ్చు అమ్మ పోలిక అనేటోళ్ళు. 1964ల ఒక పెండ్లి గుంపు ఫోటోల వెనక వరసల, ఇద్దరి భుజాల నడుమ, తల కొంచెం వంచి నిలబడ్డది. ఆ మొహం ఒక్కటే కాపీ నెగెటివ్ తీయించిన. ఆదివారం స్టూడియో బందు పెట్టినంక బల్ల ముందల కూసున్న. పక్కోళ్ళ భుజాలు నింపిన. మా అమ్మకు గదువ మీద పుట్టుమచ్చ ఉండేది, అది గీకిన. ఎటు దిక్కు? ఎడమ అనుకున్న. మా అక్క ఇప్పటికీ కుడి అంటది. ఎమల్షన్, అంటే ఫిల్ము మీది మందు పూత దిక్కు నుంచి చూస్తే కుడెడమలు తారుమారైతయి. పనెరిగినోడు పొరబడడు. ఆనాడు నేను పొరబడ్డనేమో, దేవునికెరుక.

ఆఖరికి బొట్టు. అమ్మ ముత్తయిదువగ పోయింది గదా, బొట్టు ఉండాలె. ఎందరి తల్లుల బొట్లో నింపిన చేతితోని, బొట్టు లేని చిన్నమ్మ నుదుట గీకి గీకి రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టిన.

పెద్ద ప్రింటు, కొసలకు పాలిపోయేటట్టు, కట్టెచెక్క ఫ్రేమ్. నాయిన చూసి చాలాసేపు ఏమనలే. తరువాత తువ్వాల తీసి అద్దం తుడిచిండు. తమ్ముడు, అమ్మ పోయిననాడు నెలల పిలగాడు, ఆనాటి నుంచి అదే అమ్మ వానికి. ప్రతి పెత్రమాసకు దండ. వాని పిల్లలు దాన్ని ఫ్లెక్సీ మీద గూడ వేసిండ్రు.

చిన్నమ్మ వచ్చింది ఒకసారి. ఫోటో ముందల నిలబడ్డది. నేను తలకాయ దించుకున్న. "ఇది నేనే గదరా" అన్నది మెల్లగ. "అవును చిన్నమ్మా" అన్న. "బొట్టు మంచిగ కుదిరింది" అన్నది. ఇంకెవరికీ చెప్పలే. పోయేటప్పుడు గడప దగ్గర, "చిన్నది ఒకటి చేసియ్యిరాదు, పెట్టెల పెట్టుకుంట" అన్నది. చేసిచ్చిన. బతికున్న మనిషి, ఏడాదికొకసారి తన బొమ్మకే తను పువ్వు పెట్టింది. ఇరవై ఎనిమిదేండ్లు.

ఇదంత ఎందుకు చెప్తున్నంటే, అయ్యా, మ్యూజియం సార్లూ, చిత్తరువు కింద 'ఒక స్త్రీ' అని రాసి ఊకోకండి. ఎవరు గీసిండ్రు, ఎవరు చెప్తే గీసిండ్రు, తర్వాత ఎవరు దిద్దిండ్రు, తెలిసినంత మట్టుకు రాయండి, తెలుగుల రాయండి. మీరు గూడ, ఇండ్లకు పోయినంక గోడల మీది ఫోటోలు దించి వెనక పేర్లు రాయండి. ఈ రాత్రే. మెత్త పెన్సిల్‌తోని, ఫోటో వెనక అంచుకు. బాల్‌పెన్ను వద్దు, నొక్కు ముందలికి తేలుతది, సిరా కూడ దిగుతది. నవ్వుతున్నరు, నాకు తెలుసు, ఎవ్వరూ రాయరు.

చిన్నమ్మ 2003ల పోయింది. దినాలకు ఫోటో కావాలె. ఆమెది ఆ గుంపు ఫోటో తప్ప లేదు, అది కూడ చెదలు పట్టింది. ఆమె మరిది మనుమలు నా దగ్గరికే వచ్చిండ్రు. అప్పుడు అందరికీ నిజం చెప్పాల్సొచ్చింది. తమ్ముడు మూడు నెలలు నాతోని మాట్లాడలే. ఆ మనుమలన్నరు, "ఏముందే పెద్దనాయినా, నీ దగ్గర నెగెటివ్ ఉంది గదా. ఆ బొట్టు తీసెయ్యి, చిన్నవ్వ అయిపోతది."

బల్ల ముందల కూసున్న. మీడియం పూసిన, పెన్సిల్ చెక్కిన. తలకిందులు పెట్టిన. గదువ మీది పుట్టుమచ్చ నింపిన. బొట్టు ముట్టలే.

చుట్టాలు మస్తు అన్నరు. విధవరాలికి బొట్టేందని. నాకు పని రాదన్నరు, ముసలోడైండన్నరు. అన్నీ పడ్డ. గని ఇగ ఆ నెగెటివ్‌ల మా అమ్మ లేదు. ఆమెది గోడ మీద ఉన్నది ఒక్కటే ప్రింటు.

నెగెటివ్ తెచ్చిన. ఇదుగో, ఈ కవర్ల ఉన్నది. సాలార్‌జంగ్ పేజీలు కావాల్నన్నోళ్ళు మా మనవరాలిని అడగండి. చూడాల్నన్నోళ్ళు ఒక్కొక్కరు ఇటు ట్యూబ్‌లైట్ కిందికి రండి. కొసలు పట్టుకోండి, నడుమ వేలు పెట్టొద్దు. పెన్సిల్ చెరిగిపోతది.