నెగటివ్ వచ్చింది సరే, ఏ రోజు చేయించావు?

(దృశ్యం: నెల్లూరులో ఒక మెడికల్ షాపు, సాయంత్రం)

కుర్రాడొకడు షాపు ముందు నిలబడ్డాడు. ముందు డోలో అడిగాడు, తర్వాత విక్స్ అడిగాడు. పక్కనున్న ఆంటీ వెళ్లేదాకా దగ్గుమందు సీసా మీది అక్షరాలు చదువుతున్నట్టు నటించాడు. ఆవిడ వెళ్లగానే గాజు అర వైపు వేలు చూపించాడు. షాపాయన మాట్లాడకుండా కండోమ్ ప్యాకెట్‌ని పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి ఇచ్చాడు. బంగారం కొన్నా మన దగ్గర ఇంత గోప్యం ఉండదబ్బా!

ఆ సిగ్గుతో నాకు పేచీ లేదు. కాకుటూరు యూనివర్సిటీ క్యాంపస్ నుంచి టౌనుకొచ్చినా, ఒంగోలు కర్నూలు రోడ్డులో తిరిగినా, ఎవరో ఒక బాబాయి ఎదురుపడనే పడతాడు. అయితే సిగ్గుపడుతూ కూర్చుంటే రోజులు పోతాయి. ఇక్కడ లెక్కంతా రోజులదే.

(తెరపై: క్యాలెండర్)

శనివారం రాత్రి కండోమ్ లేకుండా కలిశారనుకోండి. సోమవారానికి టెన్షన్ మొదలు. అబ్బాయి ల్యాబ్‌కి పరిగెత్తి హెచ్ఐవీ టెస్ట్ చేయించుకున్నాడు. నెగటివ్. సాయంత్రం ఫ్రెండ్స్‌కి బిర్యానీ.

ఆ రిపోర్టుకి శనివారం సంగతి తెలియదు. మామూలుగా చేసే టెస్టు వెతికేది వైరస్‌ని కాదు, దాని మీద మన ఒంట్లో పుట్టే యాంటీబాడీలను. అవి దొరికేంతగా తయారవడానికి వారాలు పడుతుంది. పూర్తిగా నమ్మాలంటే 3 నెలలు ఆగి మళ్లీ చేయించుకోవాలి. ఈలోపు కండోమ్ తప్పనిసరి.

సోమవారం పొద్దున వెళ్లాల్సింది ల్యాబ్‌కి కాదు, డాక్టరు దగ్గరికి. హెచ్ఐవీ సోకకుండా ఆపే మందులున్నాయి, పెప్ అంటారు. 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వేసుకోవాలి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. మీకు అవసరమో కాదో డాక్టరే తేలుస్తారు. బుధవారం దాకా గూగుల్ చూస్తూ కూర్చుంటే ఆ దారి మూసుకుపోయినట్టే.

అమ్మాయిలు 72 గంటలు అనగానే ఎమర్జెన్సీ మాత్ర అనుకుంటారు. అది గర్భం రాకుండా మాత్రమే. రోగాలకూ దానికీ సంబంధం లేదు.

హెచ్ఐవీ ఒక్కటే కాదు, కలయికతో అంటుకునే జబ్బులు వేరేవీ ఉన్నాయి. వాటిలో నాకు ఎక్కువ భయం వేసేది నొప్పి లేనివంటేనే. సిఫిలిస్ పుండు చాలాసార్లు నొప్పే పెట్టదు, కొన్ని వారాలకు దానంతటదే మానిపోతుంది. 'తగ్గిపోయిందిలే' అనుకుంటాం, అది లోపల పని చేసుకుంటూ పోతుంది. క్లమీడియా అయితే చాలామంది ఆడపిల్లల్లో ఏ లక్షణమూ చూపించదు. పట్టించుకోకపోతే తర్వాత పిల్లలు పుట్టడమే కష్టం కావచ్చు. షాపులో అడిగి తెచ్చుకున్న నాలుగు యాంటీబయాటిక్ బిళ్లలతో పోయేవి కావివి.

(దృశ్యం: ఎండలో బైకు)

రోహిణి కార్తెలో బండి డిక్కీలో కండోమ్ దాచే మహానుభావులకు ఒక మాట: ఆ వేడికి రబ్బరు పాడైపోతుంది. కొబ్బరినూనె రాసినా అంతే.

ఐసీటీసీ అని బోర్డున్న ప్రభుత్వ కేంద్రాల్లో హెచ్ఐవీ టెస్టు ఉచితం. మీరు ఒప్పుకోకుండా టెస్టు చేయకూడదని, ఫలితం బయటపెట్టకూడదని 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. వెళ్లే ముందు మాట్లాడాలనుంటే ప్రభుత్వ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు. మీ పేరు చెప్పడానికి మొహమాటమైతే మానేయండి, కలిసిన తేదీ మాత్రం సరిగ్గా చెప్పండి.